గిర్ని ముందు ఆడోళ్ళ బల్ల

జహీరాబాదులో గంజి అనే గింజల బజారు వెనక సందులో ఉన్న పిండి గిర్నిని అందరూ మాణిక్ గిర్ని అనేవారు. పేరు మాణిక్‌ది, పెత్తనం అతని భార్య సీతాబాయిది. మాణిక్ ఇంజను నడిపేవాడు, నూనె పోసేవాడు, బెల్టు జారితే ఎక్కించేవాడు. ఆ ఇంజను పక్కన పన్నెండేళ్ళు నిలబడి సగం చెవుడు తెచ్చుకున్నాడు. జొన్నలు తూచడం, రాళ్ళున్న గంపను వెనక్కి పంపడం, వరస తప్పినవాళ్ళను గద్దించడం సీతాబాయి పని. ఆమె పుట్టిల్లు బీదరు దాటినాక భాల్కి. తెలుగు ఇక్కడికి వచ్చాకే నేర్చుకుంది గాని గద్దించేటప్పుడు మాత్రం ఎక్కడా తడుముకునేది కాదు. కోపం మరీ ముదిరితే మరాఠీలోకి దిగేది. అప్పుడు ఒక్క ముక్క అర్థం కాకపోయినా మనుషులు వాళ్ళంతట వాళ్ళే వరసలో నిలబడేవారు.

నిలబడేది ఆడవాళ్ళే. అక్కడే వచ్చింది తిప్పలంతా.

గిర్ని ఉత్తరపు గోడ కింద పొడుగాటి షాబాదు బండ ఉండేది. పొద్దంతా నీడ. దాని మీద మగవాళ్ళు కూర్చునేవారు. గిర్నికి పనుండి వచ్చినవాళ్ళు కొందరైతే, ఇంట్లో పని తప్పించుకుని వచ్చినవాళ్ళు ఎక్కువమంది. బీడీలు కాల్చుతూ ఊళ్ళో వ్యవహారాలన్నీ అక్కడే తేల్చేవారు. గంపలు మోసుకొచ్చే ఆడవాళ్ళు మాత్రం తూర్పు వాకిట్లో, ఎండకు ఎదురుగా నిలబడాలి. కింద కూర్చుందామంటే ఇంజను వదిలే నీళ్ళు, నల్లనూనె ఎర్రమట్టిలో కలిసి ఎప్పుడూ బురద. బండ మీద మగవాళ్ళ సరసన కూర్చోవడం ఎవరూ వద్దనలేదు, ఎవరూ కూర్చోనూ లేదు.

యాభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఒక పొద్దున, మొగుడంపల్లి నుంచి నడిచి వచ్చిన బీరమ్మ ఆ వాకిట్లో పడిపోయింది. గొర్రెల కాపరుల ఇంటి కోడలు, ఆరు నెలల కడుపు. నెత్తి మీది గంప బురదలో బోర్లాపడింది. సీతాబాయి తూకం వదిలేసి పరుగెత్తి, ముఖాన నీళ్ళు కొట్టి, తన ఒళ్ళో తల పెట్టుకుంది.

"నిలవడ రాకుంటే కింద కూసోవద్దా మరి" అన్నాడు బండ మీదున్న ఒకాయన. అన్న మనిషి చాపుకున్న కాళ్ళు కూడా ముడవలేదు.

సీతాబాయి ఆ రోజు బండ మీదివాళ్ళందరినీ లేపి తరిమింది. మర్నాటికి మళ్ళీ వచ్చి వాలారు, ఈగలకు చెప్పినట్టే ఉంది. అప్పుడు నిశ్చయించుకుంది. ఆడవాళ్ళకు వేరే బల్ల ఉండాలి, తూర్పు వాకిట్లోనే ఉండాలి, ఎవరి దయా అక్కరలేకుండా ఉండాలి. బండ వేద్దామంటే ఆ ఎండకు అది పెనమై కూర్చుంటుంది, దాని మీద రొట్టె కాల్చుకోవచ్చు గాని మనిషి కూర్చోలేదు. కాబట్టి కట్టెతోనే చేయించాలి.

"బల్ల చేయిస్త" అని మాణిక్ చెవి దగ్గర అరిచింది.

"ఎవల పిల్ల?" అన్నాడు మాణిక్.

"పిల్ల గాదు, బల్ల. ఆడోళ్ళు కూసోనీకి."

"ఆడోళ్ళు కూసుంటే ఇంటికి వోరే" అన్నాడు. అతని మాటను ఆమె పట్టించుకోలేదు. పట్టించుకుంటే ఆ గిర్ని ఏనాడో మూతపడేది.

మొదటి బల్ల మామిడి చెక్కతో అయింది. తెలియనితనం. ఇంటెనక కొట్టేసిన చెట్టు చెక్క ఎవరో ఇస్తామంటే సంబరపడి తెచ్చుకుంది. బల్ల వేసిన రోజు ఆడవాళ్ళు నవ్వుకుంటూ, సిగ్గుపడుతూ, ఒకరినొకరు నెట్టుకుంటూ కూర్చున్నారు. నెల కూడా గడవకముందే వానలు మొదలయ్యాయి. చెక్క నడుమ గుంట పడింది. కాళ్ళలోంచి చెదలు పైకెక్కాయి. దసరా నాటికి ఎవరో కూర్చుంటే మెత్తగా కూలిపోయి మనిషిని బురదలో దించింది. ఉత్తరపు బండ మీద నవ్వులు ఇంజను మోతను మించి వినబడ్డాయి. ఆ నవ్వు సీతాబాయికి మూడు రోజులు అన్నం సయించనివ్వలేదు.

వడ్ల సంగయ్యను పిలిపించింది. గంజిలో బండ్ల చక్రాలు, నాగళ్ళు చేసే మనిషి. పళ్ళలో ఎప్పుడూ ఒక మేకు పట్టుకుని దాని పక్కనుంచి మాట్లాడేవాడు.

"మామిడి చెక్క వానల వెట్టినవా అక్కా? చెదలకు పెండ్లి చేసినవు వో" అన్నాడు.

"నవ్వుడు బయటోళ్ళు నవ్విన్రు. నువ్వు పని చెప్పు."

సంగయ్య కింద కూర్చుని నేల మీద ఒక గుండ్రం గీశాడు, దానిలో ఇంకో గుండ్రం. "సూడు. ఇది సాగువాను మాను, టేకు అంటరే గది. బయట తెల్లగుండేది పాలకట్టె. అది చెదలకు పలారం. నడుమ నల్లగ, నూనె తీరుగ ఉండేది చేవ. చేవకు చెదలు రావు. వానకు ఉబ్బదు, ఎండకు పలగదు. తుమ్మ కట్టె గట్టిదే, కాని నీ వాకిట్ల ఎండకు మెలిపడ్తది. ఎండకు, వానకు బయట పడుండాలంటే సాగువాను చేవ. గది లేకుంటే చెయ్యొద్దు."

"చేవ ఉన్న కట్టెను నేనెట్ల గుర్తువట్టాలె?"

"బరువు సూడు. గోటితోని గీకి వాసన సూడు, కొత్త తోలు చెప్పు వాసనొస్తది. నీళ్ళ బొట్టు వేస్తే లోపలికి దిగకుంట గుండుగ నిలవడ్తది. ఇంక అంచుకు తెలుపున్నదా సూడు. వేలెడు తెలుపున్నా వొద్దను."

సీతాబాయి రెండుసార్లు చెప్పించుకుంది. బడికి రెండేళ్ళు పోయి మానేసిన మనిషి. కాగితం మీద రాసుకునే అలవాటు లేదు కాబట్టి ఒకసారి విన్నది మరిచిపోయే అలవాటూ లేదు.

కొత్త సాగువాను దొరకడం ఆ రోజుల్లో కష్టం. కానీ పాత ఇళ్ళు కూలుతున్న కాలం అది. న్యాల్‌కల్‌లో ఒక పెద్ద పటేలు ఇల్లు పడిపోతే, వారసులు దాని కట్టెను ముక్కముక్కగా అమ్ముతున్నారని సంగయ్యే చెప్పాడు. పాత కట్టె అయితే ఎండి, మెలి తిరిగి, చేయాల్సిన మొండితనమంతా చేసి కుదురుగా ఉంటుంది. సంగయ్య బండి కట్టుకుపోయి ఒక చెక్క తెచ్చాడు. నాలుగు మూరల పొడుగు, జానెడున్నర వెడల్పు, నాలుగు వేళ్ళ మందం. ఇద్దరు మోస్తే గాని కదల్లేదు. సీతాబాయి నీళ్ళ బొట్టు వేసి చూసింది, గోటితో గీకి చూసింది, అంచులు చూసింది. ఎక్కడా తెలుపు లేదు. అంత బరువును తిప్పి రెండో వైపు మాత్రం చూడలేదు.

సంగయ్య ఇనుప మేకులు కొట్టలేదు. మేకు వానకు తుప్పుపట్టి కట్టెను నల్లగా కొరుకుతుందని, వెదురు చీలలు చెక్కి దిగ్గొట్టాడు. నాలుగు కాళ్ళు, నడుమ అడ్డకర్ర. యాభై తొమ్మిది మాఘంలో బల్ల తూర్పు వాకిట్లో నిలబడింది. ఏనుగు ఎక్కినా కదిలేట్టు లేదు.

ఆ రోజు మొదట కూర్చుంది నారమ్మ. సందు మొదట్లో ఉంటుంది, డెబ్బై ఏళ్ళది. ఏ ఇంట్లో ఏ శుభకార్యమైనా ఏది ముందు, ఏది వెనక అన్నది ఆమె చెప్పాలి. చెప్పమని అడగకపోయినా చెప్తుంది. ఆమె కూర్చుంటే మిగతా ఆడవాళ్ళు కూర్చుంటారని సీతాబాయే ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చింది.

నారమ్మ కూర్చుని, ముసలివాళ్ళు కూర్చున్నట్టే, రెండు చేతులతో చెక్క అంచు పట్టుకుంది. వేళ్ళు కింది వైపుకు పోయాయి. ఒక చోట ఆగాయి. ముఖం మారింది. వంగి, చెక్క కింద చెయ్యి పెట్టి తడిమి, ఆ చేతిని ఎండలో చూసుకుంది. వేళ్ళ కొసలకు పచ్చటి పొడి.

లేచి నిలబడింది.

"ఓ సీతాబాయి. ఇది కడప."

"ఏం కడప?"

"ఇంటి కడప, దర్వాజ కింది కట్టె. ఇగో, తలుపు బొడ్డు తిరిగిన గుంత. ఆ కొసకు ఇంకోటి ఉంటది సూడు. గుంతల పసుపున్నది. ఎన్ని శుక్రవారాల పసుపో, ఎవరి చేతులు పెట్టినయో. లక్ష్మిని తెచ్చి ముడ్డి కింద ఏసినవు."

సీతాబాయి మోకాళ్ళ మీద వంగి చూసింది. రెండు కొసలకూ రెండు గుండ్రటి గుంతలు. వాటి లోపల పసుపు గట్టిపడి మైనంలా ఉంది. సంగయ్య ఆ వైపును తెలివిగా కిందికి తిప్పి పెట్టాడు. పై వైపును నున్నగా రందా పట్టాడు.

"తెల్వక గాదు" అన్నాడు సంగయ్య, పిలిపించి నిలదీస్తే. "గంత చేవ ఉన్న కట్టె ఆ ఇంట్ల ఇంకోటి లేదు. కడపకే గద మంచి కట్టె వేస్తరు. ఇల్లు కూలినంక కట్టె కట్టెనే అక్కా."

"నీకు కట్టె. వాళ్ళకు గాదు."

"కూసోవద్దని కింద రాసున్నదా?"

"రాసుంటే సదివెటోళ్ళు ఎవరు ఈడ? చెయ్యితోని సదివిన్రు."

కడప మీద కూర్చోరు, కడపను తొక్కరు, కడప మీద తుమ్మినా ఆగి పోతారు. అది ఏ ఊరి కడప అయితే ఏమిటి, ఏ ఇల్లు కూలితే ఏమిటి. ఆ చెక్కను చూశాక ఏ ఆడదానికీ నడుము వంగలేదు. సీతాబాయి కుంకుడుకాయ రసంతో, బూడిదతో గుంతలు రెండు రోజులు తోమింది. పసుపు పోయింది. జ్ఞాపకం పోలేదు. దవాఖానలో ఆయాగా పనిచేసే మణెమ్మను పట్టుకుంది. మణెమ్మ వాళ్ళు ప్రతి ఆదివారం చర్చి గంట మోగితే ప్రార్థనకు పోయే మనుషులు.

"నీకు కడప లేదు, పసుపు లేదు. నువ్వన్న కూసో" అంది.

మణెమ్మ బల్ల దాకా వచ్చింది. చీర సర్దుకుంది. సగం వంగింది. మళ్ళీ లేచింది.

"మనసుకు ఏమీ లేదు సీతక్కా, ప్రభువు సాక్షి. నడుమే వంగుత లేదు. మా అమ్మ కడపకు బొట్టు పెట్టంగ సూసిన నడుము గద."

అది చాలనట్టు మరో వింత మొదలైంది. ఆ తర్వాతి శుక్రవారం పొద్దున సీతాబాయి తలుపు తీసేసరికి బల్లకు పసుపు పూసి, ఏడు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. మీద గుప్పెడు జొన్నలు. బల్ల చుట్టూ పేడనీళ్ళు చల్లి ముగ్గు కూడా వేశారు. గిర్నికి వచ్చే ఆడవాళ్ళు గంప దించి, బల్లకు దండం పెట్టి, దాని పక్కన ఎండలో నిలబడ్డారు. ఊళ్ళో ఇంత బందోబస్తుగా నిలబడి ఎవరూ ఏ దేవుణ్ణీ కొలవలేదు. ఉత్తరపు బండ మీదివాళ్ళకు పండగే అయింది.

"సీతాబాయి గుడి కట్టింది రా, కొబ్బరికాయ తేర్రి" అన్నారు.

అప్పటినుంచి రోజూ చల్లే ఆ నీళ్ళతో బల్ల కాళ్ళు నానాయి. చేవ కట్టె అయినా కాలి కొన ఎప్పుడూ తడిలో ఉంటే ఎన్నాళ్ళని ఆగుతుంది? సీతాబాయి ఒక్కో కాలి కింద చిన్న షాబాదు ముక్క పెట్టి నేలకు ఎడంగా లేపింది. కొన్ని రోజులు ఆ బల్ల మీద తనే కూర్చుని తూకం వేసింది, చూసి అలవాటు పడతారేమోనని. ఆమె లేచి లోపలికి పోగానే నారమ్మ వచ్చి, కూర్చున్న చోట తుడిచి బొట్టు పెట్టి పోయేది.

"నీ పాపం నీకు తగలొద్దని పెడుతున్న" అని చెప్పేది, పైగా దయగా.

బిడ్డకు పాలు మానిపించిన బీరమ్మ మళ్ళీ గంపతో వచ్చింది. కూర్చోలేదు. చెమటలు కారుతూ, గంపను తుంటికి ఆనించుకుని నిలబడింది. చంక మారుస్తూ, కాలు మారుస్తూ. సీతాబాయి ఆమెను చూసింది, బల్లను చూసింది, బండ మీద కాళ్ళు చాపినవాళ్ళను చూసింది. ఏడాదిన్నర పాటు చేసిన పనంతా చివరికి ఆడవాళ్ళు నిలబడడానికి ఇంకో కారణం తెచ్చి పెట్టిందంతే. వేరేవాళ్ళైతే అక్కడితో ఊరుకునేవారు. సీతాబాయి ఊరుకోవడం ఎవరూ చూడలేదు.

ఒక పొద్దున నేరుగా నారమ్మ ఇంటికి పోయింది.

"నారమ్మత్తా, నాతోని న్యాల్‌కల్ రావాలె."

"ఎందుకు?"

"కట్టె తేనీకి. ఏ కట్టె మీద కూసోవచ్చో, ఏ దాని మీద కూసోవద్దో నాకేం తెల్సు, దేశం గాని దేశం నుంచి వచ్చినదాన్ని. నీకు తెల్సు. నువ్వు సూసి పెట్టు. నువ్వు ఔనన్న కట్టెనే తెస్త."

ఇందులో ఏదో మెలిక ఉందని నారమ్మకు తెలియకపోలేదు. కానీ పిలిచింది పెద్దరికానికి. కాదంటే ఇంకెవరినో పిలుస్తారు.

"పాన్‌దాన్ తెచ్చుకుంట" అంది.

గంజికి కందులు తెచ్చి ఖాళీగా తిరిగిపోతున్న బండిలో ఇద్దరూ పోయారు. దారి పొడుగునా నారమ్మ ఎద్దులు నడిచే తీరుకు, బండివాడు తోలే తీరుకు వంకలు పెట్టింది. మధ్యాహ్నం దాటాక చేరారు. పటేలు ఇంటికి గోడలు మాత్రం మిగిలాయి. లోపల కట్టెను కుప్పలుగా పేర్చి ఉంచారు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళు జీతం చేసిన ఎంకయ్య అనే ముసలాయన కాపలా. ఏ ముక్క ఏ గదిలోదో అతనికి తెలుసు. నారమ్మ కావలసిందీ అదే.

"ఇది ఏంది?"

"దూలమమ్మా. నడిమింటిది."

"నెత్తి మీద మోసినదాన్ని కింద ఏసుకుంటరా? వొద్దు. గది?"

"దేవునర్ర తలుపు."

"వొద్దు."

"ఇది దూడలను కట్టేసే కాడి అడ్డం."

"గోమాతను ఆనించుకున్న కట్టె. వొద్దు."

సీతాబాయి గోడకు ఆనుకుని ఓపిగ్గా విన్నది. నోట్లో మరాఠీ మాటలు మెదులుతున్నా మింగింది. నారమ్మ ఒక నున్నటి చెక్క మీద చెయ్యి వేసింది, ముచ్చటపడి. "ఇది బాగున్నది. దేనిది?"

ఎంకయ్య గొంతు తగ్గించాడు. "పోయినోళ్ళకు నీళ్ళు పోసిన చెక్క అమ్మా. నలుగురికి పోసిన్రు దాని మీద."

నారమ్మ చెయ్యి తీసుకుని, చీర కొంగుకు తుడుచుకుని, ఆ కుప్ప చుట్టూ దూరంగా తిరిగి అవతలికి పోయింది. అక్కడ గోడకు నిలబెట్టిన నాలుగు చెక్కలు కనబడ్డాయి. ఒక్కోటి చెయ్యి వెడల్పు, నాలుగు మూరలు, పొగకు నల్లబడి ఉన్నాయి.

"ఇవ్వి?"

"అటక చెక్కలు. వంటింటి మీదివి. వీటి మీద చింతపండు కుండలు, ఉప్పుకుండ, విత్తనాల తట్టలు పెట్టెటోళ్ళు."

"ఇంకేమన్న జరిగిందా వీటి మీద? సక్కగ చెప్పు."

ఎంకయ్య తల గోక్కున్నాడు. "జరిగిందంటే... పిల్లి ఈనేది. ఏడాదికొక్కపారి. ఇదిగో, ఈ మూలకే."

సీతాబాయి ఇదీ పోయిందనుకుంది. నారమ్మ మాత్రం చెక్కను అటూ ఇటూ చూసి, మొదటిసారి మెత్తగా మాట్లాడింది.

"బాలింత పండిన కట్టె. ఏడాదేడాదికి తల్లిని, పిల్లలను మోసింది. ఏ దోషమూ లేదు. ఆడదాని నడుముకు ఇంతకన్న మంచి కట్టె యాడ దొరుకుతది?"

"సరిగ్గ ఆలోచన చేసే అంటున్నవా అత్తా?"

"నేనన్న మాట మీద నాకే సవాలా?"

"లేదు" అంది సీతాబాయి, "నలుగురి ముందట గూడ గిట్లనే అనాలె, గందుకు అడిగిన."

అప్పుడు మొదలుపెట్టింది తన పని. చెక్కల మీది పొగమసి కొబ్బరి పీచుతో రుద్దింది. అంచులు చూసింది. ఒక చెక్క అంచుకు వేలెడు తెల్లటి గీర ఉంటే పక్కన పెట్టింది. ఇంకోదానికి సన్నటి రంధ్రాలున్నాయి, దాన్నీ పెట్టింది. మిగిలిన రెండింటిని కత్తితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. పొగ వాసన కింద కొత్త చెప్పు వాసన. నీళ్ళ బొట్టు వేసి, అది గుండుగా నిలబడేదాకా చూసి, తల ఎత్తింది. ఎంకయ్య అన్నాడు, "కట్టె కొననీకి ఇద్దరు ఆడోళ్ళు రావుడు ఇదే సూసుడు. మగోళ్ళు ఎవ్వరు ఇంత సూడలే." "మగోళ్ళు కూసునే బల్ల గాదు ఇది" అంది సీతాబాయి.

మిగిలింది కడప చెక్క. దాన్ని ఏం చేయాలన్నది నారమ్మను అడగకుండానే తేల్చింది. గిర్ని వాకిలి ఇంజను పట్టాలని వెడల్పుగా పెట్టినది, దానికి కడపే లేదు, వట్టి మట్టి. సంగయ్య చేత ఆ చెక్కను ఊడదీయించి, గుంతలు పైకి వచ్చేట్టు తలుపు కింద పెట్టించింది. శుక్రవారం నాడు నారమ్మ వచ్చి తన చేత్తో దానికి పసుపు పూసింది. లక్ష్మి ఎక్కడుండాలో అక్కడుంది, ఇక ఎవరికీ తగువు లేదు.

కొత్త చెక్కలు పాత కాళ్ళ మీదికి ఎక్కాయి. సంగయ్య రెండింటినీ అతికి దగ్గరగా బిగించబోతే సీతాబాయి ఒప్పుకోలేదు. నడుమ వేలు పట్టేంత సందు వదలమంది.

"సందు ఎందుకక్కా? సూడనీకి మంచిగుండదు."

"వాన నీళ్ళు యాడికి పోవాలె మరి? నీ ఇంటికా?"

అరవయ్యో సంవత్సరం వైశాఖంలో, వాకిట్లో పదిమంది ఆడవాళ్ళు చూస్తుండగా, నారమ్మ వచ్చి ఆ రెండు చెక్కల మీద నడిమధ్యన కూర్చుంది. చెక్క కింద చెయ్యి పెట్టి తడిమింది, అందరికీ కనబడేట్టు. చేతిని తిప్పి చూపింది. ఏమీ లేదు.

"నేను ఏరి తెచ్చిన కట్టె" అంది. "పిల్లి ఈనిన అటకది. కూసోండ్రి."

బీరమ్మ ముందు కూర్చుంది. ఎవరినీ చూడకుండా, గంప ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. పక్కన మణెమ్మ. ఆ పక్కన ఇంకో ఇద్దరు. ఉత్తరపు బండ మీద ఒకాయన ఏదో అనబోయాడు. నారమ్మ అతని వంక చూసి, "నీ బొడ్డు కోసింది నేనే, మర్వకు" అంది. అతను బీడీ ముట్టించుకున్నాడు. ఆ వేళ జొన్నలు ఆడడం అయినా ఎవరూ లేవలేదు. మాణిక్ మూడుసార్లు పిలిచాడు. చివరికి మణెమ్మే అంది, "ఉండనీయ్యవయ్యా, పిండి యాడికి పోతది."

తర్వాత ఆ బల్లను సీతాబాయి చూసుకున్న తీరు చెప్పాలంటే, దాన్ని ముట్టుకోకుండా ఉంచడమే ఎక్కువ. మొదటి రెండేళ్ళు కోతలయ్యాక కుసుమ నూనె గుడ్డకు అద్ది సన్నగా తుడిచింది. చీరలకు మరక అంటుతోందని నారమ్మ పంచాయితీ పెడితే మానేసింది. కట్టెలోనే నూనె ఉండగా పైనుంచి పోసేదేమిటని సంగయ్య కూడా అన్నాడు. వానలు పోయాక ఒకసారి సందులో ఇరుక్కున్న పిండి, మట్టి పుల్లతో గీకేది. పిండి తడిస్తే బూజు పడుతుంది, చీమలు వస్తాయి. కాళ్ళ కింది రాళ్ళు కుంగితే సరిచేసేది. వదులైన చీలను సంగయ్య చేత మార్పించేది. అంతే.

మూడో వానాకాలానికి బల్ల రంగు పోయింది. ఎర్రటి కట్టె బూడిద రంగుకు తిరిగింది, మబ్బు పట్టిన ఆకాశంలా. మాణిక్ దిగులుపడి గంజిలో ఆకుపచ్చ రంగు డబ్బా తెచ్చాడు.

"ముసలిదైపోయిందే. రంగేస్త."

"పైన రంగేస్తే లోపలికి పోయిన నీళ్ళు బయటికెట్ల వస్తయి? లోపల్లోపల కుళ్ళుతది. ముసలిదైతే ఏమాయె. నేను గాలేదా, నాకు గూడ రంగేసి కూసోబెట్టాల్నా?"

ఆ డబ్బా ఇంజను తొట్టికి పోయింది.

అరవై ఐదులో వానలు ముఖం చాటేశాయి. అరవై ఆరులో కూడా అంతే. కోహీరు వైపు, మొగుడంపల్లి వైపు జొన్న చేలు మోకాలెత్తున ఎండిపోయాయి. గిర్నికి గంపలు తగ్గాయి, తర్వాత గిన్నెలతో వచ్చారు, తర్వాత రోజుల తరబడి ఎవరూ రాలేదు. బస్టాండు దగ్గరి హోటలాయన ఒకరోజు వచ్చి తూర్పు వాకిట్లో నిలబడి బల్లను అటూ ఇటూ తట్టి చూశాడు.

"గిర్నే నడుస్త లేదు గద బాయీ. మా హోటల్ బయట ఏసుకుంట. బల్ల ఇచ్చెయ్. ఎంతంటే అంత."

మాణిక్ ఆశగా చూశాడు. తప్పులేదు, ఇంట్లో రొట్టెలు చిన్నవైన రోజులు.

"ఇది నాది గాదు అన్నా, నేనెట్ల అమ్ముత" అంది సీతాబాయి.

"ఎవరిది మరి?"

"అడుగు పో, కూసునేటోళ్ళను."

హోటలాయన వాకిట్లో చూశాడు, ఎవరూ లేరు. నవ్వి పోయాడు. సీతాబాయి తలుపు దగ్గర నిలబడి ఖాళీ బల్లను చాలాసేపు చూసింది. పట్టుదలతో అన్న మాటే గాని, అది నిజమో కాదో ఆమెకే తెలియలేదు. గింజ లేనప్పుడు గిర్ని ముందు బల్లతో ఎవరికి పని?

నాలుగో రోజు పొద్దున బీరమ్మ వచ్చింది. చేతిలో గంప లేదు. గంజిలో కరువు పనికి పేర్లు రాసుకుంటున్నారంటే వచ్చిందట, పని దొరకలేదట. తిరిగి మొగుడంపల్లి నడవాలి. ఏమీ అడగకుండా బల్ల మీద కూర్చుంది. కొంతసేపటికి మణెమ్మ, దవాఖాన డ్యూటీ దిగి. నారమ్మను ఎవరో చెయ్యి పట్టుకుని తెచ్చారు, కళ్ళు సరిగా కనబడక. ముగ్గురూ చెప్పుకునే ముచ్చట్లు ఇంజను మోత లేక గిర్ని లోపలిదాకా వినబడుతున్నాయి.

మాణిక్ తొంగి చూశాడు. "గింజ లేదు, గంప లేదు. ఎందుకొచ్చిన్రే వీళ్ళు?"

"కూసోనీకి" అంది సీతాబాయి.

పనంతా తూకం దగ్గరే కావడంతో, అటక చెక్కలు వేసినప్పటినుంచి ఆమె ఈ బల్ల మీద ఒక్కసారీ కూర్చోలేదు. ఇప్పుడు తూయడానికేమీ లేదు. కొంగు నడుముకు దోపుకుని కడప దాటి వచ్చింది.

"జర జరుగు బీరమ్మా" అంది.